ఆ గదిలో మావి నాలుగే

ఆ బుధవారం మధ్యాహ్నం మా గదిలో ఉన్న సామాన్లలో మావి నాలుగే. నులక మంచం. రేకు ట్రంకు పెట్టె. గోడకి మేకు మీద వేలాడుతున్న నా సుత్తి. నాలుగోదాన్ని మంచం కిందికి తోసి, కనబడకుండా దుప్పటి అంచు నేలదాకా జార్చాం.

మిగతాదంతా మొహల్లాది, మా వీధివాళ్ళది. ఎర్ర సోఫా, ఫ్రిజ్ పక్కింటి ముసర్రత్ బాజీవి. స్టాండు ఫ్యాను, సామాన్లు మోసే లోడర్ రిక్షా నడిపే ఆసిఫ్‌ది. బంగారు అంచు కప్పులు, కెటిలు ఎదురింటి చాచా ఫజల్ దీన్‌వి. గోడలు ఇంటి ఓనరువి.

పాకిస్తాన్‌లో మా సియాల్‌కోట్‌లో ఇది మామూలే. ఒక ఇంటికి పెద్ద అతిథి వస్తే వీధంతా ఆ ఇంటికి సర్దుతుంది. ఇచ్చినవాళ్ళు అడగరు, తీసుకున్నవాళ్ళు చెప్పుకోరు. అతిథి వెళ్ళిన తర్వాతే ఎవరి వస్తువు వాళ్ళింటికి చేరుతుంది. మా కంపెనీ మేనేజరు ఇర్షాద్ బట్ ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఈ సంగతి వాడికి బాగా తెలుసు. మమ్మల్ని కొట్టడానికి వాడు ఎంచుకున్న కర్ర అదే.

నేను సెట్టర్ని. పేరు రఫాఖత్ అలీ. ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి డాక్టరు నరాన్ని పట్టే పట్టకారు ఉంటుంది. దాని రెండు ముక్కులూ సరిగ్గా కలిసేలా సుత్తితో తట్టి సరిచెయ్యడం నా పని. పిడి దగ్గరి పళ్ళు బిగిసే మొదటి టిక్కుకి కొసలు మాత్రమే తాకాలి. మూడో టిక్కుకి ముక్కు మొత్తం మూసుకోవాలి. కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తే మధ్యలో వెంట్రుకంత సందు కూడా కనబడకూడదు. ఒక దెబ్బ ఎక్కువైతే పట్టకారు చెత్తబుట్టలోకి, దాని ఖరీదు నా కూలిలోంచి. ఈ పనికి మా కంపెనీలో మిషను లేదు. నూట నలభై మంది సెట్టర్ల కళ్ళూ చేతులూ ఉన్నాయి.

ఒక్కో పట్టకారుకి పధ్నాలుగు రూపాయలు. రోజుకి తొంభై అయితే గొప్ప. నెలకి ముప్పై మూడు వేలు. మూడేళ్ళుగా అదే రేటు. ఈ మూడేళ్ళలో పిండి ధర రెండింతలైంది. కరెంటు బిల్లు చూసి మగవాళ్ళు రోడ్డెక్కి టైర్లు కాల్చారు. పట్టకారు మాత్రం పధ్నాలుగు దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం బట్ మా గల్లీకి వచ్చాడు. తెల్ల కారు లోపలికి పట్టదు. మలుపులో ఆపి, మురిక్కాలవ దాటుకుంటూ నడిచి వచ్చాడు.

"ఉస్తాద్ జీ! అదృష్టవంతులు మీరు. జర్మనీ నుంచి మన సరుకు కొనేవాళ్ళ తరఫున ఒక మేడమ్ వస్తోంది. మన కారీగర్లలో, పనివాళ్ళలో, ఒకరి ఇల్లు చూడాలందట. నేను మీ పేరే చెప్పాను."

"మా ఇల్లా? ఒక్క గది బట్ సాహిబ్."

"అయితే ఏం? మనసులు పెద్దవి కదా! బుధవారం మధ్యాహ్నం. మీరేం హడావిడి పడకండి. ఉన్నదే పెట్టండి." ఒక్క అడుగు వేసి వెనక్కి తిరిగాడు. "ఊరి పరువు ఇక మీ చేతుల్లోనే ఉంది."

ఎందుకొస్తోందో చెప్పలేదు. అసలు సంగతి ఇది. ఆ మనిషి మా కూలి తేల్చడానికి వస్తోంది. ఈ ఊళ్ళో ఒక కారీగర్ కుటుంబం బతకడానికి నెలకి ఎంత అవుతుందో రాసుకుని వెళ్తుంది. ఆ అంకె మా కూలికంటే ఎక్కువైతే కంపెనీ రేటు పెంచాలి, లేదంటే ఆర్డరు ఆగుతుంది. తక్కువైతే ఇంకో రెండేళ్ళు పధ్నాలుగే. నూట నలభై ఇళ్ళ తిండి ఆ ఒక్క కాగితం మీద ఉంది. బట్‌కి తెలుసు. నాకు తెలియదు.

మూడు రోజులు నా భార్య శగుఫ్తా నిద్రపోలేదు. గోడలకి సున్నం కొట్టింది. అమ్మనీ పిల్లలు ముగ్గుర్నీ ముసర్రత్ బాజీ ఇంటికి పంపింది. కరెంటు బిల్లుకని దాచిన డబ్బుతో రెండు కోళ్ళు, బాస్మతి బియ్యం తెచ్చింది. ఫ్రిజ్ తెచ్చాక తెలిసింది, మా మీటరు దాన్ని మొయ్యలేదని. బాజీ ఇంట్లోంచే వెంటిలేటర్ గుండా వైరు లాగాం. ఆ వైరు కనబడకుండా శగుఫ్తా దాని మీద పూలదండ వేలాడదీసింది.

మేడమ్ పేరు మార్గిట్. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి జుట్టు, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. వినయం ఉన్న మనిషే. ఎర్ర సోఫా మీద కూర్చోబెట్టాం. పక్కన బట్ కూర్చున్నాడు. ఆమె మాట మాకు, మా మాట ఆమెకి చెప్పడానికి వాడు తప్ప ఎవరూ లేరు.

భోజనం అయ్యింది. ఆవిడ పళ్ళెంలో శగుఫ్తా కోడి ముక్కలు వేస్తూనే ఉంది. నేను ఎముక కొరుకుతూ కూర్చున్నాను. తర్వాత ఆవిడ కాగితాలు తీసి ఏదో అడిగింది. బట్ మావైపు తిరిగాడు.

"ఏం ఉస్తాద్ జీ, అల్లా దయవల్ల తిండికేం లోటు లేదుగా?"

అలా అడిగితే అతిథి ముందు ఎవరైనా ఏమంటారు? "అంతా అల్లా దయ" అన్నాను.

"భాభీ, ఇంటి అద్దె అదీ బాగానే గడిచిపోతోందిగా?"

"అల్లా దయ" అంది శగుఫ్తా, కొంగు తలమీదికి లాక్కుంటూ.

"పిల్లల చదువు?"

"అల్లా దయ."

"కరెంటు?"

శగుఫ్తా ట్రంకు పెట్టె వైపు చూసింది. ఆ నెల బిల్లు అందులోనే ఉంది, కట్టకుండా. "అల్లా దయ" అంది మళ్ళీ.

మేం ఒక్కసారి ఆ మాట అన్నప్పుడల్లా బట్ ఆవిడకి నాలుగేసి వాక్యాలు చెబుతున్నాడు. నాకు ముచ్చటేసింది. మన మర్యాదని ఎంత చక్కగా వివరిస్తున్నాడో అనుకున్నాను. ఆవిడ తలూపుతూ రాసుకుంది. ఫ్రిజ్ వైపు చూసి రాసుకుంది. సోఫా తడిమి రాసుకుంది. చాచా ఫజల్ దీన్ కప్పులో టీ పోశాం. బంగారు అంచు చూసి నవ్వి, అదీ రాసుకుంది.

చివర్లో రెండు కాగితాలు నా ముందు పెట్టింది. ఒకటి ఇంగ్లీషుది, ఒకటి ఉర్దూది. రెండూ ఆమె ముందే అచ్చు వేయించుకొచ్చినవి. ఖాళీల్లో అంకెలూ, అచ్చు జవాబుల పక్కన టిక్కులూ మాత్రం ఆవిడ ఇప్పుడు పెట్టినవి. రెంటిలోనూ సంతకం పెట్టమంది.

"ఇక్కడ పెట్టెయ్యండి ఉస్తాద్ జీ. ఫ్లైటు టైమవుతోంది" అన్నాడు బట్, పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టి.

ఎనిమిదో తరగతి చదివాను నేను. నెమ్మదిగానైనా ఉర్దూ చదవగలను. చదవడం మొదలుపెట్టాను.

"ఏంటి, ఇదేమన్నా మెట్రిక్ పరీక్షా? పెట్టెయ్యండి."

"ఉండండి బట్ సాహిబ్. ఇంట్లోకొచ్చిన కాగితం చూసుకోవద్దా?"

*కుటుంబంలో మనుషులు: ఆరుగురు. మాంసం: వారానికి మూడుసార్లు. ఫ్రిజ్: సొంతం. సోఫా: సొంతం. అద్దె, కరెంటు, చదువు: ఇబ్బంది లేదని కుటుంబం చెప్పింది. నెలకి అయ్యే ఖర్చు: ఇరవై తొమ్మిది వేలు. కారీగర్ సంపాదన: ముప్పై మూడు వేలు. కూలి సరిపోతోంది. రెండేళ్ళ వరకూ రేటు మార్చనవసరం లేదు.*

రెండోసారి చదివాను. చెవుల్లో సుత్తి దెబ్బలు పడుతున్నాయి.

"ఏం రాశారు?" అని శగుఫ్తా నా భుజం మీదుగా అడిగింది. దానికి చదువు రాదు. వినిపించాను. చివరి రెండు వాక్యాలకి దాని మొహంలో నెత్తురు లేదు.

"మనం అన్నామా ఇది?" అంది.

"మనమే అన్నాం. నాలుగుసార్లు."

బట్ వైపు తిరిగాను. "ఈవిడ మా కూలి తేల్చడానికొచ్చిందని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు, ఇల్లు పాడుపెట్టుకుని ఏడుస్తూ కూర్చునేవారా?" వాడు ఆవిడ వైపు నవ్వుతూనే నాతో మాట్లాడుతున్నాడు. "నేను అబద్ధం చెప్పమన్నానా? సోఫా తెచ్చుకోమన్నానా? ఉన్నదే పెట్టమన్నాను. మీ గొప్ప మీరే చూపించుకున్నారు. సంతకం పెట్టండి."

"ఆవిడకి చెప్పండి. ఇదంతా తప్పని చెప్పండి. పధ్నాలుగు రూపాయలని చెప్పండి."

వాడు మార్గిట్ వైపు తిరిగి మెత్తగా ఏదో చెప్పాడు. ఆవిడ మొహం వికసించింది. గుండెమీద చెయ్యి పెట్టుకుని నాకు తలవంచింది.

"ఏం చెప్పావు?" మర్యాద పోయింది నా నోట్లోంచి.

"మీకు ఆవిడంటే గౌరవమని చెప్పాను."

నేను ఆవిడ ముందు నిలబడ్డాను. గోడమీంచి సుత్తి తీసి చూపించాను. రెండో చేత్తో ఐదేసి వేళ్ళు రెండుసార్లు చూపించి, తర్వాత నాలుగు. "ఒక్కోదానికి! ఒక్కో పట్టకారుకి!" అని అరిచాను.

బట్ ఆవిడ చెవిలో చెప్పాడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చప్పట్లు కొట్టింది.

"పధ్నాలుగేళ్ళ అనుభవమని చెప్పాను" అన్నాడు బట్. "ఉస్తాద్ జీ, ఇక చాలు. రేపు ఫ్యాక్టరీలో కిటికీ దగ్గర మీ స్టూలు ఉండాలంటే కింద పేరు రాయండి. మీ స్టూలు కోసం పాతికమంది క్యూలో ఉన్నారు."

నా చేతిలో సుత్తి ఉంది. వాడి తల మూరెడు దూరంలో ఉంది. ఆ క్షణం గురించి నేను గొప్పలు చెప్పుకోను. పంతొమ్మిదేళ్ళుగా ఎంత గట్టిగా కొట్టాలో లెక్కగట్టి కొట్టిన చెయ్యి కాబట్టి ఆగింది, అంతే.

శగుఫ్తా ఆగలేదు.

నన్ను తోసుకుని వాకిట్లోకి వెళ్ళింది. మెట్లెక్కి డాబా పిట్టగోడ దగ్గర నిలబడి, వీధంతా వినేలా పిలిచింది.

"ముసర్రత్ బాజీ! నీ ఫ్రిజ్ తీసుకుపో! నీ సోఫా తీసుకుపో!"

పక్క డాబా మీద బట్టలారేస్తున్న బాజీ చేతిలో తడి చొక్కా అలాగే ఉండిపోయింది. "అతిథి కూర్చుని ఉండగానా? మతి పోయిందా నీకు? జనం ఏమనుకుంటారు?"

"అనుకోనీ."

"మా మొహం మీద ఉమ్ముతారే! వీధి పరువు..."

"పరువా? ఆ పరువు చూసే మనకి ఇంకో రెండేళ్ళు పధ్నాలుగు రాశారు బాజీ! నీ మొగుడిక్కూడా! వాడూ ఆ కంపెనీలోనే సెట్టరు కదా? నీ ఫ్రిజ్ చూసి రాశారు!"

బాజీ చొక్కా తీగ మీద విసిరింది. ఆమె మెట్లు దిగే చప్పుడు మాకు గోడ అవతల్నుంచి వినిపించింది.

శగుఫ్తా దిగి వచ్చేలోపే ముందు వైరు కదిలింది. వెంటిలేటర్లోంచి ఎవరో లాగుతున్నారు. పూలదండ తెగి సోఫా మీద, మార్గిట్ ఒళ్ళో పడింది. ఫ్రిజ్ గురక ఆగిపోయింది. ఆవిడ దండ చేత్తో పట్టుకుని పైకి చూసింది. వైరు కొస గోడ ఎక్కి, చిల్లులోంచి పాకి, మాయమైపోయింది.

అప్పుడు బాజీ వచ్చింది, వెంట ఇద్దరు కొడుకులు, లోడర్ ఆసిఫ్. ఫ్రిజ్ తలుపు తెరిచి బాజీ తన ఇన్సులిన్ సీసాలు తీసి జేబులో వేసుకుంది. ముగ్గురూ ఫ్రిజ్‌ని వంచి గుమ్మం దాటించారు.

"ఏంట్రా ఇది? ఓయ్! ఆగండి!" బట్ లేచాడు. ఆవిడతో గబగబా ఏదో చెబుతున్నాడు. రిపేరు అన్నాడేమో. ఆవిడ వినడం లేదు. ఆసిఫ్ తిరిగొచ్చి స్టాండు ఫ్యాను ప్లగ్గు పీకాడు. చెమట పట్టిన మా అందరి మొహాల మీద గాలి ఆగిపోయింది.

"బట్ సాహిబ్, కాస్త లేస్తారా?" అన్నాడు ఆసిఫ్. "సోఫా."

"నేను కూర్చున్నది కనబడటం లేదా?"

"కనబడుతోంది. అందుకే లేవమంటున్నా. లేవకపోతే మీతో సహా మోస్తాం, లోడర్లో మనుషులకి రేటు వేరే."

బట్ లేచాడు. మార్గిట్ అప్పటికే లేచి నిలబడింది, టీ కప్పు చేతిలోనే ఉంది. సోఫా గుమ్మానికి అడ్డంపడి, పక్కకి తిరిగి, బయటికి వెళ్ళిపోయింది.

చివరికి చాచా ఫజల్ దీన్ వచ్చాడు. డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు పాలిష్ చక్రం దగ్గర నిలబడి ఊపిరితిత్తుల్లో ఇనుప దుమ్ము నింపుకున్న మనిషి. కెటిలు తీసుకున్నాడు. ఐదు కప్పులు తీసుకున్నాడు. ఆరోది ఆవిడ చేతిలో ఉంది. సగం టీ ఉంది.

చాచా నావైపు చూశాడు. మా ఊళ్ళో అతిథి చేతిలోంచి కప్పు లాక్కున్న మనిషి ఇంతవరకూ లేడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తీసుకో చాచా" అన్నాను.

"క్షమించు బిడ్డా" అని ఆవిడతో పంజాబీలో చెప్పి, కప్పు మెల్లగా ఆవిడ వేళ్ళలోంచి విడిపించాడు. టీ వాకిట్లో పారబోశాడు. వెళ్ళిపోయాడు.

గదిలో ఇప్పుడు నులక మంచం, ట్రంకు పెట్టె, నా చేతిలో సుత్తి, కొత్త సున్నం వాసన. బట్ అప్పుడే మొదలుపెట్టాడు, చేతులు ఊపుతూ, నవ్వు అతికించుకుని. మార్గిట్ అరచెయ్యి అడ్డంపెట్టింది. వాడు ఇంకా మాట్లాడుతున్నాడు. ఆవిడ ఒక్క మాట అంది. దాని అర్థం నాకు తెలియదు. వాడి నోరు మాత్రం మూసుకుంది.

ఆవిడ వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఫోను తీసి దాంతో ఏదో చెప్పింది. ఫోన్లోంచి ఆడగొంతు ఉర్దూలో పలికింది, స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు.

"ఈ ఇంట్లో మీ వస్తువులు ఏవి?"

మార్గిట్ ఫోను శగుఫ్తా ముందు పట్టింది. శగుఫ్తా మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి అంచు పైకెత్తి, మంచం కింద నుంచి నాలుగో వస్తువుని ఈడ్చింది. గోనెసంచి. బోర్లించింది. తోలు ముక్కలు, మైనం పూసిన దారం, రెండు సూదులు, సగం కుట్టిన ఫుట్‌బాళ్ళు నేలమీద దొర్లాయి. ఒకటి వెళ్ళి బట్ బూటుకి తగిలి ఆగింది.

"ఇవి. రోజుకి మూడు బంతులు కుడతాను. అతిథి చూస్తే పరువు పోతుందని దాచాను."

ఫోను దాని మాటని జర్మన్‌లో చెప్పింది. ఆవిడ మా కాగితం తీసుకుని, నిలువునా ఒక గీత గీసింది. వెనక్కి తిప్పి ఖాళీ పేజీ పెట్టుకుంది. ఫోను మళ్ళీ అడిగింది. "నెలకి మీకు ఏ ఖర్చు ఎంత అవుతుంది?"

"అల్లా ద..." శగుఫ్తా నాలుక మీదికి అలవాటుగా వచ్చేసింది. పళ్ళతో కొరికి ఆపింది. "అది నేను నమాజులో చెప్పుకుంటాను. నువ్వు ఇది రాసుకో. అద్దె పదమూడు వేలు. కరెంటు, ఒక ఫ్యానుకీ రెండు బల్బులకీ, తొమ్మిది వేల ఆరొందలు. ఇదిగో బిల్లు. పిండి రెండు బస్తాలు, ఐదువేల ఎనిమిదొందలు. గ్యాసు మూడువేల రెండొందలు. పాలు ఆరువేలు, అది కూడా టీకే, పిల్లలు తాగరు. ఫీజులు ఆరువేలు. అత్త మందులు మూడున్నర వేలు. పప్పు, కూర, నూనె, సబ్బు పధ్నాలుగు వేలు. కోడి, ఈద్‌కి. ఈ రోజు నీకోసం."

మార్గిట్ కూడింది. అరవై ఒక్క వేల వంద. దాని కింద నా ముప్పై మూడు వేలు, శగుఫ్తా చెప్పగా బంతులకొచ్చే తొమ్మిది వేలు రాసింది. పైదాంట్లోంచి రెండూ తీసేసింది. ఫోను అడిగింది.

"మిగతా పంతొమ్మిది వేలు?"

"మిగతాది తినం" అంది శగుఫ్తా.

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాను. శగుఫ్తా వేలిముద్ర వేసింది. ఆ తర్వాత మార్గిట్ బట్ చేతికి పెన్ను ఇచ్చి ఎక్కడ పెట్టాలో చూపించింది. వాడూ పెట్టాడు. వెళ్తూ గుమ్మంలో నా చెవి దగ్గర ఆగాడు. "ఆవిడ రేపు జర్మనీలో ఉంటుంది ఉస్తాద్. నువ్వు ఇక్కడే ఉంటావు."

నిజమే. రేటు పెరగడానికి పది వారాలు పట్టింది. పట్టకారుకి ఇరవై రెండు రూపాయలు చేశారు. అరవై ఒక్క వేలు దానితోనూ రావు. మొహల్లాలో మాత్రం ఇప్పటికీ మమ్మల్ని చూసి మొహం తిప్పుకునే ముసలాళ్ళు ఉన్నారు, అతిథి చేతిలోంచి కప్పు లాక్కున్న ఇల్లని. చాచా వాళ్ళతో కూర్చోవడం మానేశాడు.

నా సంగతి బట్ మర్నాడే చూశాడు. గురువారం పొద్దున నా స్టూలు కిటికీ దగ్గర లేదు. స్టోరు రూము పక్కన, ట్యూబులైటు కింద పెట్టించాడు. సెట్టర్ని వెలుగుకి దూరం చేస్తే వాడి కళ్ళు ఏడాదిలో పోతాయి. ఆ సంగతీ వాడికి బాగా తెలుసు.

కిటికీ దగ్గర చోటు బాజీ మొగుడికిచ్చాడు. అతను తన స్టూలు తెచ్చి, కిటికీని చూసి, దాన్ని ఎత్తుకుని నా పక్కన ట్యూబులైటు కిందికి వచ్చి కూర్చున్నాడు. తర్వాతివాణ్ణి పిలిచాడు బట్. వాడూ వచ్చి మా వెనక కూర్చున్నాడు. మిగతా సెట్టర్లూ ఒక్కొక్కరే స్టూళ్ళు తెచ్చుకోగా, మధ్యాహ్నానికి స్టోరు రూము పక్కన మోకాలు పెట్టడానికి చోటు లేదు. ఆ రోజు మేం సెట్ చేసిన పట్టకార్లలో సగానికి సగం తనిఖీలో వెనక్కొచ్చాయి, సందుల్లోంచి వెలుగు కనబడుతోందని.

"ఓయ్, మీ కళ్ళకేమైందిరా?" అని అరిచాడు బట్.

నూట నలభై మందీ ఒక్కసారే అన్నారు. "అల్లా దయ బట్ సాహిబ్."